వల నిండినంత కాలం

ఆదివారం తెల్లవారుతూనే ఉత్తర కోల్‌కతాలో బాగ్‌బజార్ దగ్గర గాలిఫ్ స్ట్రీట్ పొడవునా సంత మొదలవుతుంది. ఒకపక్క గాజు తొట్లలో రంగు చేపలు, ఇంకోపక్క గులాబీ అంట్లు, మట్టి కుండీలు, కుక్కపిల్లలు, పావురాలు. వాటి నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చిన పిట్టల పంజరాలు. ఈ సంత ఒకప్పుడు హాతీబగాన్‌లో జరిగేది. అక్కడ రద్దీ మరీ పెరిగిపోవడంతో ఇక్కడికి మార్చారు. చోటు మారినా ఆదివారం మారలేదు, పిట్టల మీద బెంగాలీల సరదా తగ్గలేదు.

పంజరాల్లో ఎక్కువగా కనిపించేవి బెంగాలీలు ‘బద్రీ’ అని పిలిచే బడ్జరిగార్లు, లవ్‌బర్డ్స్, కాకటీల్స్. ఫించ్‌ల విషయానికి వస్తే రకాలు కొద్దే. నారింజ ముక్కు జీబ్రా ఫించ్, గోధుమ రంగు మీద తెల్ల మచ్చలున్న బెంగాలీస్ ఫించ్, బూడిద రంగు ఒళ్లూ గులాబీ ముక్కూ ఉన్న జావా పిచ్చుక. కాస్త ఎక్కువ పెట్టగలిగినవాళ్లకు ఏడు రంగుల గౌల్డియన్. అంతకు మించి ఆఫ్రికా నీలి కార్డన్-బ్లూ కావాలనో, ఫైర్ ఫించ్ కావాలనో, ఆస్ట్రేలియా డైమండ్ ఫైర్‌టెయిల్ కావాలనో అడిగితే దుకాణదారు తల అడ్డంగా ఊపడమే ఎక్కువ. ఎక్కడో ఎవరి దగ్గరో ఒక జత ఉందని వినికిడి ఉంటుంది కానీ, అది సంత దాకా రాదు.

ఈ కొరతకు చట్టాలను తప్పుపట్టేవాళ్లున్నారు, బర్డ్ ఫ్లూను తప్పుపట్టేవాళ్లున్నారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అసలు కారణం మాత్రం అంతకు ముందు రెండు వందల ఏళ్లపాటు సాగిన సమృద్ధిలోనే ఉంది. కలకత్తాలో చిన్న పిట్టలు ఎప్పుడూ చవకే. చవక కాబట్టి ఒకటి చస్తే ఇంకొకటి కొన్నారు. గూడు పెట్టి, జత కలిపి, పిల్లలు తీయించాల్సిన అవసరం బజారుకు రాలేదు. వలలు ఆగి, ఓడలు ఆగాక చూసుకుంటే, పంజరంలోనే పుట్టి పంజరంలోనే తరాలు గడిపిన జాతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

ఆ సమృద్ధి కథ కంపెనీ దొరల కాలం నుంచే మొదలవుతుంది. కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపే భార్య మేరీ ఇంపే 1777 నుంచి తమ తోటలో పక్షులనూ జంతువులనూ పెంచుతూ, వాటి బొమ్మలు గీయడానికి పట్నా నుంచి వచ్చిన చిత్రకారులను పెట్టుకున్నారు. షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ అనే ఆ ముగ్గురూ 1783లోగా గీసిన బొమ్మలు 300 దాటాయి. అందులో సగానికి పైగా పక్షులవే. ఆ తర్వాత గవర్నర్ జనరల్ వెల్లస్లీ బారక్‌పూర్ తోటలో ఒక జంతుశాల పెట్టి, దాని బాధ్యత ఫ్రాన్సిస్ బుకానన్‌కు అప్పగించాడు. బుకానన్ జంతువులను వర్ణించాడు, బొమ్మలు గీయించాడు, లండన్‌కు పంపించాడు. పక్షి వచ్చిందా, బొమ్మ గీశారా, పేరు పెట్టారా అన్నదే అప్పటి లెక్క. అది గుడ్డు పెట్టిందా అన్నది ఎవరికీ పట్టిన విషయం కాదు.

జనం పిట్టలు కొనుక్కునే చోటు వేరే ఉండేది. లాల్‌బజార్ దగ్గరి టిరెట్టా బజార్. ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఇటాలియన్ కట్టించిన బజారు అది. ఇతను యవ్వనంలో కాసనోవా స్నేహితుడు, తర్వాత కలకత్తా చేరి నగర వీధుల, భవనాల పర్యవేక్షకుడయ్యాడు, చివరికి దివాలా తీశాడు. ఆ బజారునే లాటరీలో బహుమతిగా పెడితే చార్లెస్ వెస్టన్ అనే ఆయనకు తగిలింది. ఇప్పుడు అక్కడికి జనం వెళ్లేది తెల్లవారుజామున చైనీస్ పలహారం కోసం. పందొమ్మిదో శతాబ్దంలో మాత్రం టిరెట్టా బజార్ అంటే పిట్టలూ జంతువులూ అమ్మే చోటు. అడవి నుంచి వలలో పడ్డవి, సముద్రం మీద ఓడలో దిగినవి అన్నీ ఒక్క వీధిలోనే కనిపించేవి.

ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంకు 1841 నుంచి 1862 దాకా క్యురేటర్‌గా ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్‌కు ఈ బజారే సగం ప్రయోగశాల. అడవుల్లో తిరగడానికి ఆయనకు డబ్బూ లేదు, తీరికా లేదు. బజారుకు వచ్చిన పక్షినే చూసి, రాసి, కొన్నిటికి కొత్త పేర్లు పెట్టాడు. ఇక్కడి పెంపుడు పక్షుల గురించీ జంతువుల గురించీ డార్విన్‌కు పేజీల కొద్దీ ఉత్తరాలు రాశాడు. డార్విన్ తన పుస్తకంలో బ్లైత్ అభిప్రాయానికి ఎంతో విలువిస్తానని రాసుకున్నాడు. చాలీచాలని జీతంతో బతికిన బ్లైత్ పక్కన బతికున్న జంతువుల వ్యాపారంలోనూ చెయ్యి పెట్టాడని విమర్శలు వచ్చాయి. కలకత్తాలో పక్షిశాస్త్రం, పక్షి వ్యాపారం ఒకే గుమ్మంలోంచి నడిచాయనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

దేశీ సంపన్నులది ఇంకో దారి. ఉత్తర కలకత్తా బాబుల కాలక్షేపాల్లో బుల్‌బుల్ పందేలు పెద్దవి. బీడన్ స్ట్రీట్‌లో ఛాతూబాబుగా పేరుపడ్డ ఆశుతోష్ దేవ్ మైదానం వాటికి ప్రసిద్ధి. చోర్‌బగాన్‌లో పాలరాతి భవంతి కట్టించిన రాజా రాజేంద్ర మల్లిక్ ఇంట్లో సొంత జంతుశాల, పక్షిశాల ఉండేవి. ఆపై 1856లో అవధ్ రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా వచ్చి గార్డెన్ రీచ్‌లోని మటియాబుర్జ్‌లో దిగాడు. పోయిన లఖ్‌నవూను అక్కడ మళ్లీ కట్టుకునే ప్రయత్నంలో భవనాలతోపాటు జంతువులూ పిట్టలూ చేరాయి. బాల్యం మటియాబుర్జ్‌లో గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీమ్ షరర్, ఒక్క జత అరుదైన పావురాలకు నవాబు 24,000 రూపాయలు ఇచ్చాడని రాశాడు.

పావురానికి అంత ధర పలికిన ఊళ్లో మునియా విలువ అణాల్లోనే. తేడాకు కారణం ఉంది. పావురం తెలిసిన ఇంట్లో, తెలిసిన జతకు పుట్టాలి. దాని వంశం చెప్పగలిగితేనే ధర. అందుకే పావురాల వాళ్లు పెంపకందార్లయ్యారు. మునియాకు వంశం అక్కర్లేదు, అది రెల్లు గడ్డిలోంచి వస్తుంది.

బెంగాల్ పంజరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన పిట్ట లాల్ మునియా. తెలుగునాట ఎర్ర జీనువాయి. బొటనవేలికన్నా కాస్త పెద్దది, సుమారు పది సెంటీమీటర్లు. వానాకాలం వచ్చి జత కట్టే రోజులు మొదలయ్యాయంటే మగపిట్ట దానిమ్మ గింజ రంగులోకి మారి, ఆ ఎరుపు మీద తెల్లటి చుక్కలు పడతాయి. ఆ కాలం ముగిశాక ఎరుపు దిగిపోయి ఆడపిట్టలాగే మట్టిరంగు అవుతుంది. మునియాల కుటుంబంలో ఇలా ఏటా వేషం మార్చే అలవాటు దీనికే ప్రత్యేకం. పంజరంలో మాత్రం ఈ మార్పు గతి తప్పుతుంది. తిండి సరిపడకపోతే, ఎండ తగలకపోతే మగపిట్ట మెల్లగా నల్లబడుతుంది. అలా నల్లబడ్డ లాల్‌ను కొన్నవాడు వానాకాలంలో మళ్లీ ఎర్రటిది కొనేవాడు. వ్యాపారికి ఇంతకన్నా కావలసిందేముంది? హిమాలయాల నుంచి శీతాకాలంలో దిగే రోజ్‌ఫించ్ సంగతీ అంతే. అడవిలో ఉన్నప్పటి ఎరుపు పంజరంలో ఒకసారి ఈకలు రాల్చాక తిరిగి రాదు, వెలిసిపోయిన పసుపు మిగులుతుంది.

పట్టే పద్ధతి చాలా సులువు. ఒక మగపిట్టను చిన్న పంజరంలో పెట్టి గడ్డి నడుమ ఉంచుతారు. దాన్ని దీపకంగా వాడటం మన పల్లెల్లో కౌజు పిట్టల వేటగాళ్లకూ తెలిసిన విద్యే. దాని కూతకు గుంపు దిగుతుంది. పక్కన నేల మీద పరిచిన రెండు రెక్కల వల తాడు లాగగానే పుస్తకంలా మూసుకుంటుంది. మునియాలు గుంపుగా తిరిగే పిట్టలు కాబట్టి ఒక్క లాగుకే పదులు పడతాయి. మర్రిపాలు కాచి చేసిన జిగురు పుల్లలు ఇంకో ఆయుధం. బిహార్, బెంగాల్ ప్రాంతాల్లో మీర్‌షికార్లు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. అదే నైపుణ్యాన్ని తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు వేసే పథకంలో వాడుకుంది. పట్టిన పిట్టలను వెదురు బుట్టల్లో కుక్కి బండెక్కిస్తే దారిలోనే చాలా చచ్చేవి. ఆ నష్టం కూడా పిట్ట ధరలో కలిసే ఉండేది. అయినా ధర అణాల్లోనే ఉండేదంటే వల ఎంత నిండేదో ఊహించుకోవచ్చు.

అలీపూర్ జూ 1876 జనవరి 1న వేల్స్ యువరాజు చేతుల మీదుగా మొదలైంది. జర్మన్ విద్యుత్ నిపుణుడు కార్ల్ ష్వెండ్లర్ ఇచ్చిన జంతువులతో ఆరంభమై, రాజేంద్ర మల్లిక్ వంటివాళ్ల విరాళాలతో పెరిగింది. దాని తొలి భారతీయ సూపరింటెండెంట్ రామబ్రహ్మ సన్యాల్. బంధంలో ఉన్న జంతువుల గురించి దేశంలో అంత శ్రద్ధగా రాసినవాడు అంతకు ముందు లేడు. 1889లో అలీపూర్‌లో ఒక సుమత్రా ఖడ్గమృగం ఈనింది. మనుషుల సంరక్షణలో కడుపు పండి ఆ జాతి పిల్ల మళ్లీ పుట్టడానికి 2001 దాకా, అమెరికాలోని సిన్సినాటీ జూ దాకా ఆగాల్సి వచ్చింది. 1892లో దిగువ బెంగాల్‌లో జంతువులను బంధంలో ఎలా చూసుకోవాలో చెబుతూ సన్యాల్ తెచ్చిన పుస్తకంలో క్షీరదాలతోపాటు పక్షులూ ఉన్నాయి. ఏ జంతువుకు ఏ తిండి, ఎంత చోటు, ఏ జబ్బు, పిల్లల సంగతేమిటి అని జాతుల వారీగా రాసుకుపోయాడు. అంటే కలకత్తాకు చేత కాక కాదు. ఖడ్గమృగాన్ని ఈనించిన ఊరు అది. చిన్న పిట్టకు ఆ ఓపిక పెట్టాల్సిన అక్కర బజారుకు పడలేదు, అంతే.

1894లో ఇండియన్ మ్యూజియంకు వచ్చిన ఫ్రాంక్ ఫిన్ బ్లైత్‌కు నిజమైన వారసుడు. కలకత్తా బజారులో వేలాడే బాతుల గుత్తుల్లోంచి, పిట్టల బుట్టల్లోంచి అరుదైన జాతులను ఏరి పట్టుకోవడం ఆయనకు వ్యసనం. ఎంటాలీలో రట్లెజ్ అనే జంతు వ్యాపారి ఆయనకు మంచి దన్ను. ఫిన్ 1906లో తెచ్చిన ‘గార్డెన్ అండ్ ఏవియరీ బర్డ్స్ ఆఫ్ ఇండియా’ పెంపుడు పిట్టలున్న ఇళ్లకు చేతిపుస్తకమైంది. ఆయన పేరుతో ఇప్పటికీ ఒక గిజిగాడు ఉంది. పక్షి శాస్త్రజ్ఞుడు హ్యూమ్ 1869లో వర్ణించిన ఆ పక్షి ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ కనబడలేదు. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది ఫిన్. గడ్డిమైదానాలు తగ్గిపోయి, వలలూ తోడై ఆ గిజిగాడు ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది.

పంజరం ముందు కూర్చుని పిట్టను ఏళ్ల తరబడి చూసిన బెంగాలీ మాత్రం సత్యచరణ్ లాహా. సంపన్న వర్తక కుటుంబంలో పుట్టిన ఆయన అగర్‌పాడాలోని తోటలో పెద్ద పక్షిశాల కట్టుకున్నాడు. 1923లో ‘పెట్ బర్డ్స్ ఆఫ్ బెంగాల్’ ప్రచురించాడు. 1924లో ‘ప్రకృతి’ అనే బెంగాలీ పత్రిక మొదలుపెట్టాడు. కాళిదాసు కావ్యాల్లోని పక్షుల మీద ఒక పుస్తకమే రాశాడు. పిట్టను పెంచడమంటే దాని నడతను గమనించడమేనని, పుస్తకంలో లేని సంగతి పంజరం చెబుతుందని ఆయన పనంతా చూపిస్తుంది. అయితే అగర్‌పాడా లాంటి తోట ఎంతమందికి ఉంటుంది? మిగతా ఊరికి టిరెట్టా బజారే దిక్కు.

చవకతనం ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి ఫించ్ కాని ఒక పక్షిని తలుచుకోవాలి. గులాబీ తల బాతు. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా బజారుకు వచ్చేది. అప్పట్లోనే అరుదు, కానీ దొరికేది. కలకత్తా యూదు వర్తక కుటుంబానికి చెందిన డేవిడ్ ఎజ్రా ఇక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని ఆల్ఫ్రెడ్ ఎజ్రాకు ఆ బాతులను పంపించాడు. సర్రేలోని ఫాక్స్‌వారెన్ పార్కులో అవి ఏళ్ల తరబడి బతికాయి. ఫొటోలు తీశారు, సందర్శకులకు చూపించారు. కానీ ఒక్క గుడ్డూ పొదగలేదు. 1930లు గడిచేసరికి బిహార్, బెంగాల్ చిత్తడి నేలల్లో బాతు లేదు, ఫాక్స్‌వారెన్‌లోనూ లేదు. దాన్ని ఈదగా చూసిన ఆఖరి మనుషుల్లో ఆ ఫాక్స్‌వారెన్ చెరువు దగ్గర నిలబడ్డవాళ్లూ ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఓడల స్థానంలో విమానాలు వచ్చి వ్యాపారం ఇంకా పెరిగింది. 1970ల్లో ప్రపంచంలో అడవి పక్షులను ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో భారత్ ఒకటి. ఏటా లక్షల్లో వెళ్లేవి. వాటిలో అధిక భాగం చిలుకలు, మునియాలు. ఐరోపా ఇళ్లలోని ‘స్ట్రాబెర్రీ ఫించ్’ అంటే మన లాల్ మునియానే. ఈ పిట్ట వ్యాపారం ఎంత పాతదంటే, దాని శాస్త్రీయ నామంలోనే అహ్మదాబాద్ ఊరి పేరు అరిగిపోయి దాగి ఉంది. కలకత్తా ఆ దారిలో ఒక పెద్ద మజిలీ. పక్షులు ఇక్కడి నుంచి వెళ్లడమే కాదు, ఆగ్నేయాసియా నుంచి, ఆఫ్రికా నుంచి, ఐరోపా నుంచి ఇక్కడికి వచ్చేవి కూడా.

తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. ఆస్ట్రేలియా 1960లోనే తన దేశపు పక్షుల ఎగుమతి ఆపేసింది. భారత్ 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చింది, 1976లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో చేరింది. 1990-91లో ఎగుమతులు నిలిచిపోయాయి. 1991 చట్ట సవరణతో దేశంలో కూడా స్వదేశీ అడవి పక్షుల అమ్మకం నేరమైంది. అమెరికా 1992లో తన చట్టం చేసుకుంది. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో ఐరోపా సమాఖ్య అడవి పక్షుల దిగుమతిని ఆపి, 2007 జులై నుంచి ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. ఇక్కడ 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో, 2008 జనవరిలో బెంగాల్‌లోని బీర్‌భూమ్‌లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక బతికున్న పక్షుల దిగుమతి మీద నిఘా మరింత బిగిసింది.

చట్టం వచ్చిన మర్నాడే వల ఆగలేదు. గాలిఫ్ స్ట్రీట్‌లో దాడులు జరుగుతూనే ఉన్నాయి. స్వదేశీ పిట్టలు పంజరంలోంచి సంచిలోకి, సంచిలోంచి ఫోన్లలోకి మారాయి. పుణ్యం కోసం పిట్టలను కొని వదిలేవాళ్ల చేతుల్లోకి వెళ్లేవీ మునియాలే. అసలు ఎవరూ పట్టించుకోని మచ్చల మునియాకూ తెల్లగొంతు మునియాకూ ఆకుపచ్చ, గులాబీ, పసుపు రంగులు పూసి ఏదో కొత్త జాతి అని అంటగట్టే మోసం దేశంలోని చాలా పక్షుల బజార్లలో ఉంది. ఒకటి రెండు స్నానాలకు, లేదంటే మొదటిసారి ఈకలు రాలేసరికి ఆ రంగు పోతుంది.

నిజంగా ఆకుపచ్చగా ఉండే మునియా ఒకటుంది. మధ్య భారతంలో, ఆరావళి కొండల్లో బతికే ఆ పిట్ట ప్రపంచంలో భారత్‌లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేదు. పంజరాల కోసం పట్టడమే దానికి పెద్ద గండమైంది. పక్షి వ్యాపారం మీద ఏళ్ల తరబడి బజార్లు తిరిగి అధ్యయనం చేసిన అబ్రార్ అహ్మద్ దాని పరిస్థితిని పదేపదే ముందుకు తెచ్చాడు. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని ముప్పున్న జాతుల్లో పెట్టింది.

ఇప్పుడు సంతలో చట్టబద్ధంగా ఉన్న ఫించ్‌లకు ఒక ఉమ్మడి లక్షణం ఉంది. అవన్నీ ఎక్కడో ఎవరో ఓపిగ్గా తరాల తరబడి పంజరంలో పొదిగించినవే. జీబ్రా ఫించ్, గౌల్డియన్ ఆస్ట్రేలియావి. అక్కడి తలుపు 1960లో మూసుకున్నా, అప్పటికే ఐరోపాలో, జపాన్‌లో పెంపకందార్ల దగ్గర పిల్లలు పుడుతుండటంతో జాతి నిలిచింది. తలుపు మూసుకోవడమే వాళ్లకు పెంపకం నేర్పిందనాలి. బెంగాలీస్ ఫించ్‌ది ఇంకా వింత. పేరు బెంగాల్‌దే కానీ పుట్టినిల్లు జపాన్. చైనా నుంచి తెచ్చిన తెల్ల నడుం మునియాలను అక్కడివాళ్లు పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఎంచి ఎంచి జత కలిపి, అడవిలో ఎక్కడా లేని ఒక పెంపుడు పిట్టను తయారుచేశారు. అదే తెల్ల నడుం మునియా భారత అడవుల్లోనూ ఉంది. దాన్ని పట్టి అమ్మితే నేరం. జపాన్ మీదుగా వచ్చిన దాని మనవరాలిని గాలిఫ్ స్ట్రీట్‌లో నిక్షేపంగా అమ్మవచ్చు.

ఈ బెంగాలీస్ ఫించ్ లేకుండా కోల్‌కతాలో అరుదైన ఫించ్‌ల పెంపకమే లేదు. ఇళ్ల వసారాల్లో, మేడ మీది గదుల్లో గౌల్డియన్‌లను పెంచేవాళ్ల పని చూస్తే ఇది తెలుస్తుంది. గౌల్డియన్ జత చిన్న కొయ్య పెట్టెలోనో, నోరు చిన్నదైన మట్టి కుండలోనో నాలుగు నుంచి ఎనిమిది దాకా తెల్లటి గుడ్లు పెడుతుంది. కొబ్బరి పీచు, ఎండుగడ్డి ఇస్తే లోపల పరుచుకుంటుంది. కానీ చాలా జతలు గుడ్ల మీద కూర్చోవడంలో బద్ధకం చూపిస్తాయి. చిన్న అలికిడికే లేచిపోతాయి. అప్పుడు పెంపకందారు ఆ గుడ్లను చెంచాతో తీసి, అదే రోజుల్లో గుడ్లు పెట్టిన బెంగాలీస్ జత గూట్లో పెడతాడు. బెంగాలీస్ ఎవరి గుడ్డయినా పొదుగుతుంది, ఎవరి పిల్లకయినా మేపుతుంది. సుమారు రెండు వారాలకు గుడ్లు పగులుతాయి. చీకటి గూట్లో తల్లికి దారి తెలియడానికన్నట్టు గౌల్డియన్ పిల్లల నోటి మూలల్లో ముత్యాల్లాంటి నీలి బొడిపెలు ఉంటాయి, కాస్త వెలుతురు పడితే మెరుస్తాయి. నానబెట్టి మొలకెత్తించిన కొర్రలు, ఉడికించి నలిపిన గుడ్డు, గోరుతో గీకితే పొడయ్యే సముద్రపు నురగ (కటిల్‌బోన్) ఇస్తూ మూడు వారాలు కాపాడితే పిల్లలు గూడు దాటుతాయి.

ఈ పద్ధతికి ఒక లోటుంది. పెంపుడు తల్లి దగ్గర పెరిగిన మగ గౌల్డియన్ తన జాతి ఆడపిట్టను వదిలి బెంగాలీస్ ముందు పాట పాడుతుంది. తరం తర్వాత తరం ఇలాగే పెంచితే సొంత గుడ్లను సొంతంగా పొదిగే అలవాటే సన్నగిల్లుతుంది. కొద్ది జతలే చేతులు మారుతుండటంతో దగ్గరి రక్తం కలిసి బలహీనమైన పిల్లలు పుడతాయి. కొత్త రక్తం కోసం బయటి నుంచి తెచ్చుకుందామంటే దిగుమతి లైసెన్సు, క్వారంటైన్, ఖర్చు. పొడి సవన్నాల పిట్టకు బెంగాల్ వానాకాలపు ఉక్కపోత అదనపు పరీక్ష.

ఆఫ్రికా వాక్స్‌బిల్స్ దగ్గర సమస్య ఇంకా పెద్దది. కార్డన్-బ్లూ, ఫైర్ ఫించ్ వంటివి పిల్లలను గింజలతో సరిపెట్టవు, బతికున్న పురుగులు పెడతాయి. రోజంతా చిన్న చిన్న పురుగులు అందించలేకపోతే పిల్లలను గూట్లోంచి బయటికి తోసేస్తాయి. ఆఫ్రికా నుంచి అడవి పిట్టలు వందల్లో దిగిన రోజుల్లో ఐరోపాలోనూ వీటిని పొదిగించే శ్రమ కొద్దిమందే పడ్డారు. 2005 తర్వాత అక్కడా ఈ పిట్టలకు కరువు వచ్చింది. కలకత్తా పాఠమే బ్రసెల్స్‌కూ వర్తించింది. వల నిండినన్నాళ్లూ గూడు ఖాళీగానే ఉంటుంది.

లాభం లెక్క చూసుకునే పెంపకందారు ఇంత అవస్థ ఎందుకు పడతాడు? లవ్‌బర్డ్ ఒక కొయ్య పెట్టె పెడితే చాలు, తనంతట తను పిల్లలు తీస్తుంది. కొత్త రంగు పుడితే ధర పదింతలు పలుకుతుంది. కాన్యూర్ చిలుక చేతి మీద కూర్చుంటుంది, పిల్లలకు ముద్దొస్తుంది, ఫోన్‌లో వీడియోకు పనికొస్తుంది. హైదరాబాద్ చార్మినార్ పక్కన ముర్గీ చౌక్‌లోనూ చిలుక జాతులదే ఇప్పుడు రాజ్యం. చేతికి రాని, మాటలు రాని, నాలుగైదేళ్లకు ముసలిదయ్యే పది గ్రాముల ఫించ్‌కు గిరాకీ తక్కువ. పెంచేవాళ్లు తగ్గేకొద్దీ జతలు దొరకవు, జతలు దొరకనికొద్దీ కొత్తవాళ్లు రారు.

ప్రభుత్వం లెక్కలు మొదలుపెట్టింది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ విదేశీ జాతులను పెంచేవాళ్లు స్వచ్ఛందంగా వివరాలు ప్రకటించమంది. 2022 సవరణ వన్యప్రాణి చట్టంలోని ఆరు షెడ్యూళ్లను నాలుగు చేసి, అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జాతులకు విడిగా ఒక షెడ్యూలు కేటాయించింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అటువంటి జాతులున్నవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. జావాలో, బాలిలో దాదాపు కనుమరుగైన జావా పిచ్చుక ఆ జాబితాలో ఉంది. గాలిఫ్ స్ట్రీట్‌లో జత కొని ఇంటికి తెచ్చుకున్నవాడు కూడా దానికి లెక్క చెప్పాలి, పిల్లలు పుడితే రాయించాలి, చస్తే తెలియజేయాలి. గౌల్డియన్ ఆ జాబితాలో లేదు. అందువల్ల కోల్‌కతా మేడల మీద ఎన్ని గౌల్డియన్ జతలున్నాయో, వాటిలో ఎన్ని సొంతంగా గుడ్లు పొదుగుతున్నాయో చెప్పే పుస్తకం పెంపకందార్ల గోడ క్యాలెండర్లే. గుడ్డు పెట్టిన తేదీ, బెంగాలీస్ కిందకు మార్చిన తేదీ, పగిలిన తేదీ అందులోనే బాల్‌పెన్‌తో రాసి ఉంటాయి.

ఇక లాల్ మునియా. దాని బతుకు ఇప్పుడు రెండు ముక్కలు. స్పెయిన్, పోర్చుగల్ రెల్లు పొదల్లో ఒకప్పుడు పంజరాల్లోంచి తప్పించుకున్న లాల్‌ల సంతతి స్వేచ్ఛగా తిరుగుతోంది. ఐరోపా పెంపకందార్లు దాన్ని పక్షిశాలల్లో పొదిగిస్తున్నారు. భారత్‌లో దాన్ని పట్టడం, అమ్మడం నేరం. కోల్‌కతా తూర్పున న్యూటౌన్, రాజార్‌హాట్ వైపు ఇంకా మిగిలిన గడ్డి దుబ్బుల్లో వానాకాలం ముగిసే వేళకు లాల్ గుంపులు కనిపిస్తాయి. శని, ఆదివారాల్లో వాటి కోసం అక్కడికి వెళ్లేవాళ్ల చేతుల్లో ఇప్పుడు పొడవాటి లెన్సుల కెమెరాలుంటున్నాయి. ఆ ఖాళీ స్థలాల్లో ఏటా ఇంకొన్ని అపార్టుమెంట్లకు పునాదులు పడుతున్నాయి.